జిగ్‌జాగ్ బొమ్మ: చెప్పిందెంత, చెప్పనిదెంత?

కళాశాలలో మొక్కల తెగుళ్ల పాఠం చదివే విద్యార్థికి ఒక బొమ్మ తప్పకుండా ఎదురవుతుంది. ఎడమ నుంచి కుడికి సాగే ఒక గీత. అది మొదట పైకి లేస్తుంది. తరువాత కిందికి జారుతుంది. మళ్లీ ముందుకన్నా ఎత్తుకు లేస్తుంది, మళ్లీ జారుతుంది, మళ్లీ లేస్తుంది. పరీక్షలో ఈ గీతను గీసి, నాలుగు దశలకు నాలుగు పేర్లు రాస్తే మార్కులు వస్తాయి. దీనికే జిగ్‌జాగ్ నమూనా అని పేరు.

బ్రిటన్‌కు చెందిన జొనాథన్ జోన్స్, అమెరికాకు చెందిన జెఫ్రీ డాంగ్ల్ అనే శాస్త్రజ్ఞులు 2006 నవంబరు 16 నాటి ‘నేచర్’ పత్రికలో ‘మొక్కల రోగనిరోధక వ్యవస్థ’ అనే సమీక్షా వ్యాసం రాశారు. ఏడు పేజీల ఆ వ్యాసంలోనిదే ఈ బొమ్మ. దాదాపు రెండు దశాబ్దాలుగా ప్రపంచమంతటా మొక్కల రోగనిరోధకతను ఈ గీత సాయంతోనే బోధిస్తున్నారు. వ్యాసం చదివినవారి కన్నా బొమ్మను మాత్రమే చూసినవారు ఎన్నో రెట్లు ఎక్కువ. చిక్కంతా అక్కడే ఉంది.

ఒక బొమ్మను విమర్శించడమేమిటని పాఠకులకు అనిపించవచ్చు. కాని విజ్ఞానశాస్త్రంలో బొమ్మ కూడా ఒక వాదమే. ఏది ముఖ్యమో, ఏది కాదో, ఏది ముందో, ఏది వెనకో అది మాటల్లేకుండానే చెప్పేస్తుంది. అందుకే మాటలను పరీక్షించినట్టే బొమ్మనూ పరీక్షించాలి.

బొమ్మలో ఏముంది?

ముందు దాని కథను క్లుప్తంగా చూద్దాం. మొక్కల్లో మనకున్నట్టు రక్తంలో తిరిగే తెల్లకణాలు లేవు. ప్రతి జీవకణమూ తన కాపలా తానే కాసుకోవాలి. ఇందుకోసం కణత్వచం మీద గ్రాహకాలు అనే ప్రోటీన్లు ఉంటాయి. సూక్ష్మజీవుల శరీరంలో సర్వసాధారణంగా ఉండే పదార్థాలను ఇవి పసిగడతాయి. ఉదాహరణకు, ఎన్నో బాక్టీరియాలకు ఈదడానికి కశాభం ఉంటుంది. అది ఫ్లాజెల్లిన్ అనే ప్రోటీన్‌తో తయారవుతుంది. దానిలోని 22 అమైనో ఆమ్లాల ముక్క ఒక్కటి తగిలినా చాలు, ఆవ కుటుంబానికి చెందిన అరబిడాప్సిస్ మొక్కలోని ఎఫ్‌ఎల్‌ఎస్2 అనే గ్రాహకం మేలుకుంటుంది. ఈ గ్రాహకాన్ని 2000 సంవత్సరంలో గుర్తించారు. అది మేలుకున్న కొద్ది నిమిషాల్లోనే కణంలోకి కాల్షియం అయాన్లు ప్రవహిస్తాయి, చురుకైన ఆక్సిజన్ అణువులు పుడతాయి, పత్రరంధ్రాలు మూసుకుంటాయి. బొమ్మలో గీత మొదటిసారి పైకి లేవడమంటే ఇదే. దీన్ని మొదటి అంచె అందాం.

రోగకారక జీవులు ఊరుకోవు. అవి ‘ఎఫెక్టర్లు’ అనే ప్రోటీన్లను మొక్క కణంలోకి పంపి ఈ స్పందనను అణచివేస్తాయి. అప్పుడు గీత కిందికి జారుతుంది, తెగులు వస్తుంది. కొన్ని మొక్కల్లో కణం లోపల మరో రకం గ్రాహకాలు ఉంటాయి. ఎఫెక్టర్‌నో, అది చేసిన విధ్వంసాన్నో ఇవి కనిపెడతాయి. అప్పుడు స్పందన మరింత తీవ్రంగా ఉంటుంది. తెగులు సోకిన చోట ఉన్న కణాలు తమంత తామే చనిపోతాయి, రోగకారకం అక్కడే చిక్కుబడిపోతుంది. గీత రెండోసారి మరింత ఎత్తుకు లేవడమంటే ఇదే. ఇది రెండో అంచె. ఆ తరువాత రోగకారకం ఆ ఎఫెక్టర్‌ను వదులుకుంటుంది, లేదా కొత్తది సంపాదిస్తుంది. గీత మళ్లీ జారుతుంది. మొక్క కొత్త గ్రాహకాన్ని సంపాదిస్తే మళ్లీ లేస్తుంది.

చేసిన మేలు

ఈ బొమ్మ రాకముందు ఈ రంగంలో రెండు శిబిరాలు ఉండేవి. ఒక శిబిరం అమెరికాలో అవిసె పంట మీద వచ్చే తుప్పు తెగులుపై హెరాల్డ్ ఫ్లోర్ 1940లలో చేసిన పరిశోధనల వారసత్వంతో నడిచింది. మొక్కలోని ఒక నిరోధక జన్యువుకు రోగకారకంలో ఒక జన్యువు జోడీగా ఉంటుందని ఆయన చూపించారు. రెండో శిబిరం శిలీంధ్రాల కణకవచాల ముక్కలు, కైటిన్, ఫ్లాజెల్లిన్ వంటివి మొక్కలో ఏ స్పందన తెస్తాయో చూసే జీవరసాయన శాస్త్రజ్ఞులది. ఇద్దరూ ఒకే ఏనుగును తడుముతున్నా, ఒకరి మాట ఒకరికి పట్టేది కాదు. జోన్స్, డాంగ్ల్ ఆ రెండు కథలనూ ఒకే గీతలో కలిపారు. మొదటి అంచెను అణచడానికే ఎఫెక్టర్లు పుట్టాయి, ఎఫెక్టర్లను పట్టడానికే రెండో అంచె పుట్టింది అన్న తర్కం అందరికీ ఒక్కసారిగా అర్థమైంది. ఒక సమీక్షా వ్యాసం ఇంతకన్నా పెద్ద మేలు చేయడం అరుదు. దీన్ని ఒప్పుకున్నాకే లోపాల మాట ఎత్తాలి.

ఒకే గీతలో రెండు గడియారాలు

బొమ్మలో అన్నిటికన్నా పెద్ద లోపం నిలువు అక్షంలో కాదు, అడ్డంగా ఉన్నదానిలో ఉంది. నిలువు అక్షం స్పందన తీవ్రతను చూపుతుంది. మరి ఎడమ నుంచి కుడికి వెళ్తుంటే ఏమి మారుతోంది? కాలమే అనుకుంటే, అది ఏ కాలం? ఫ్లాజెల్లిన్ తగలగానే గ్రాహకం మేలుకోవడానికి నిమిషాలు చాలు. కణాలు చనిపోవడానికి గంటలు పడుతుంది. కాని రోగకారకం ఎఫెక్టర్‌ను మార్చుకోవడం, మొక్క జాతి కొత్త గ్రాహకాన్ని సంపాదించడం తరతరాల పరిణామంలో జరిగే పని. గీత మొదటి సగం ఒక ఆకులో ఒక పూట జరిగే సంగతి. రెండో సగం ఒక జాతి చరిత్ర.

దీని ఫలితం తరగతి గదిలో కనిపిస్తుంది. ఒకే మొక్క ఉదయం ఓడి, సాయంత్రానికి కొత్త ఆయుధం కనిపెట్టి గెలుస్తుందని విద్యార్థి అనుకుంటాడు. అలా జరగదు. గ్రాహకం విత్తనంలోనే ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేనట్టు. 2014లో ప్రిచర్డ్, బర్చ్ అనే శాస్త్రజ్ఞులు ఈ నమూనాను దాటి ముందుకు వెళ్లవలసిన సమయం వచ్చిందా అని ప్రశ్నిస్తూ ఒక వ్యాసం రాశారు. అందులో కొలతలతో లెక్కకట్టి ఊహించగల నమూనాలు కావాలని వాదించారు. న్యాయమైన కోరికే. అక్షం మీద అంకెలు లేని గీతతో దేన్నీ ముందుగా ఊహించలేం, దేన్నీ తప్పని రుజువు చేయలేం.

అంచెలు నిజంగా రెండేనా?

బొమ్మలో రెండు శిఖరాలు విడివిడిగా ఉంటాయి. ఒకటి ముగిశాక మరొకటి మొదలవుతుంది. కణంలో మాత్రం వ్యవహారం ఇంత పొందికగా లేదు. టొమాటోలో సిఎఫ్-9 అనే నిరోధక జన్యువును 1994లో వేరుచేసింది జోన్స్ ప్రయోగశాలే. అది ఇచ్చే గ్రాహకం కణత్వచం మీదే ఉంటుంది. కాని అది స్పందించేది శిలీంధ్రం విడుదల చేసే ఒక ప్రత్యేక ఎఫెక్టర్ వల్ల. చోటు చూస్తే మొదటి అంచె, పట్టేది చూస్తే రెండో అంచె. ఈ గీత చెరిగిపోతోందని థొమ్మా, నూర్న్‌బెర్గర్, యూస్టన్ 2011లోనే హెచ్చరించారు.

అసలు దెబ్బ 2021లో తగిలింది. ఆ ఏడాది ‘నేచర్’లోనే రెండు పరిశోధక బృందాల ఫలితాలు వచ్చాయి. కణం బయటి గ్రాహకాలకు తోడ్పడే ప్రోటీన్లు లేని మొక్కల్లో లోపలి గ్రాహకాల రక్షణ కూడా బాగా కుంటుపడుతుందని ఒక బృందం చూపింది. బాక్టీరియా లేకుండా లోపలి గ్రాహకాన్ని మాత్రమే మేల్కొలిపితే కంటికి కనిపించే కణమరణం రాలేదని, బయటి గ్రాహకాలను కూడా మేల్కొలిపినప్పుడు అది వచ్చిందని రెండో బృందం చూపింది. ఒక ఉదాహరణ చూడండి. చురుకైన ఆక్సిజన్‌ను పుట్టించే ఆర్‌బిఓహెచ్‌డి అనే ఎంజైమును రెండో అంచె ఎక్కువగా తయారు చేయిస్తుంది. దానికి ఫాస్ఫేట్ తగిలించి పనిలోకి దించేది మొదటి అంచె. ఒకటి నూనె పోస్తే, మరొకటి వత్తి వెలిగిస్తుంది.

రెండో బృందానికి నాయకుడు ఎవరో కాదు, జొనాథన్ జోన్సే. తన పేరుతో ప్రపంచం చదువుకుంటున్న బొమ్మను పదిహేనేళ్లకు తన చేతులతోనే సవరించుకున్నారు. ఈ సవరణ మన పాఠాల్లోకి కూడా రావాలి.

సాంబమసూరి పెట్టే పరీక్ష

ఇప్పుడు ప్రయోగశాల నుంచి మన వరిపొలానికి వద్దాం. బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి 1986లో విడుదలైన సాంబమసూరి, అంటే బి.పి.టి. 5204, మన ఇళ్లలో అందరికీ తెలిసిన సన్నబియ్యం. రుచికి పేరుపొందినా బాక్టీరియా ఎండాకు తెగులుకు ఇట్టే లొంగిపోతుంది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రం, వరి పరిశోధన సంస్థ కలిసి దీనిలోకి మూడు నిరోధక జన్యువులను సంకరణం ద్వారా చేర్చాయి. అలా వచ్చిన ‘ఇంప్రూవ్డ్ సాంబమసూరి’ 2008లో విడుదలైంది. ఆ జన్యువులు ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5. జిగ్‌జాగ్ గీతలో వీటికి చోటు ఎక్కడో వెతుకుదాం.

ఎక్స్‌ఏ21 ఆఫ్రికాలోని మాలి దేశపు అడవి వరి నుంచి వచ్చింది. కాలిఫోర్నియాలో పామెలా రొనాల్డ్ బృందం 1995లో దీన్ని వేరుచేసింది. నిరోధక జన్యువుగా పేరుపొందినా, ఇది ఇచ్చే ప్రోటీన్ కణత్వచం మీది గ్రాహకం. అది దేన్ని పట్టుకుంటుందో కనుగొన్నామని 2009లో ఆ బృందం ప్రకటించింది. తరువాత లోపం తామే పట్టుకుని 2013లో ఆ వ్యాసాన్ని ఉపసంహరించుకుంది. చివరికి 2015లో రాక్స్ఎక్స్ అనే బాక్టీరియా ప్రోటీన్ అని తేల్చింది. ఒప్పుకున్న తప్పు విజ్ఞానానికి నష్టం కాదని విద్యార్థులు గమనించాలి. బొమ్మ ప్రకారం చూస్తే ఎక్స్‌ఏ21 మొదటి శిఖరానికి చెందాలి, కాని చరిత్రలో దాని పేరు రెండో శిఖరం జాబితాలో నమోదైంది.

మిగిలిన రెండూ ఇంకా విచిత్రం. ఎండాకు తెగులు బాక్టీరియా వరి కణంలోకి పంపే ఎఫెక్టర్లలో ఒకటి నేరుగా కేంద్రకంలోకి వెళ్లి, చక్కెరను కణం బయటికి పంపే ఒక జన్యువును మేల్కొలుపుతుంది. దొంగ ఇంట్లోకి దూరి ధాన్యపు గాదె తలుపు తీసినట్టన్నమాట. ఎక్స్‌ఏ13 ఉన్న వరిలో ఆ జన్యువు ముందుండే మీట భాగం కొంచెం మారి ఉంటుంది. అందువల్ల ఎఫెక్టర్‌కు అక్కడ పట్టు దొరకదు. ఎక్స్‌ఏ5 ఉన్న వరిలో, జన్యువులను చదివే యంత్రాంగంలోని ఒక ప్రోటీన్‌లో చిన్న మార్పు ఉంటుంది. ఆ యంత్రాంగాన్ని ఇలాంటి ఎఫెక్టర్లు వాడుకోలేకపోతాయి. ఇవి రెండూ అంతర్గత జన్యువులు. అంటే జతలో రెండు ప్రతులూ మారి ఉంటేనే రక్షణ.

ఇక్కడ మొక్క దేన్నీ కనిపెట్టలేదు, దేన్నీ మోగించలేదు. శత్రువుకు కావలసిన మెట్టు లేకుండా పోయింది, అంతే. జిగ్‌జాగ్ గీతలో దీనికి చోటు లేదు, ఎందుకంటే అది స్పందన తీవ్రతను మాత్రమే కొలుస్తుంది. స్పందన లేకుండానే మొక్క బతికిపోయే మార్గం దానికి కనిపించదు. లక్షలాది మంది తినే బియ్యంలో చేర్చిన మూడు జన్యువుల్లో రెండింటిని చూపలేని బొమ్మను సంపూర్ణ చిత్రమనగలమా?

శత్రువుకు పనికొచ్చే కావలి

ఇంకో ఉదాహరణ ఓట్స్ పంటది. తుప్పు తెగులును తట్టుకుంటుందని 1940లలో అమెరికాలో ‘విక్టోరియా’ రకం నుంచి వచ్చిన ఓట్స్‌ను విస్తారంగా వేశారు. కొద్దికాలానికే మరో శిలీంధ్రం కొత్త తెగులు తెచ్చి ఆ పంటలనే తుడిచిపెట్టింది. తుప్పు నుంచి కాపాడిన గుణమూ, కొత్త తెగులుకు లొంగిన గుణమూ ఎంత ప్రయత్నించినా విడదీయరానివిగా తేలాయి. ఆ శిలీంధ్రపు విషానికి అరబిడాప్సిస్ మొక్కను లొంగదీసేది నిరోధక గ్రాహకాల తరగతికి చెందిన ప్రోటీనేనని 2007లో తెలిసింది. కణాలు చనిపోతే జీవించి ఉన్న కణం మీదే బతికే తుప్పు శిలీంధ్రం ఆకలితో చస్తుంది. చచ్చిన కణాలను తినే శిలీంధ్రానికి మాత్రం అదే విందు.

ఇక్కడ రచయితలకు న్యాయం చేయాలి. చచ్చిన కణాల మీద బతికే రోగకారకాలకు రెండో అంచె రక్షణ పనిచేయదని 2006 వ్యాసంలోనే స్పష్టంగా రాశారు. కాని ఆ హెచ్చరిక వ్యాసంలోనే ఉండిపోయింది. బొమ్మ మాత్రం దేశదేశాలకు ప్రయాణించింది. ఎత్తైన శిఖరమంటే మంచి ఆరోగ్యమన్న భావం దానివెంటే వెళ్లింది.

కళ్లెం ఎక్కడ?

బొమ్మలో గీతను కిందికి లాగేవాడు ఒక్కడే, శత్రువు. నిజానికి మొక్క కూడా తన స్పందనను తానే కిందికి లాగుతుంది. ఇది ఈ రంగంలో అత్యంత ఆసక్తికరమైన భాగం. పని లేనప్పుడు ఎఫ్‌ఎల్‌ఎస్2తో జతకట్టవలసిన బిఎకె1 అనే సహాయక ప్రోటీన్‌ను బిఐఆర్2 అనే మరో ప్రోటీన్ పట్టి ఉంచుతుంది. ఫ్లాజెల్లిన్ వచ్చాకే వదులుతుంది. స్పందన మొదలయ్యాక ఎఫ్‌ఎల్‌ఎస్2ను కణం లోపలికి లాక్కుని విచ్ఛిన్నం చేసే ఏర్పాటు కూడా ఉంది. అంటే గంట మోగించే పద్ధతి ఎంత ముఖ్యమో, ఆపే పద్ధతీ అంతే ముఖ్యం.

కళ్లెం తెగితే ఏమవుతుంది? అరబిడాప్సిస్‌లో ఆర్‌ఐఎన్4 అనే ప్రోటీన్ ఉంది. బాక్టీరియా ఎఫెక్టర్ ఒకటి దాన్ని కోసేస్తుంది. ఆర్‌పిఎస్2 అనే లోపలి గ్రాహకం ఆర్‌ఐఎన్4కు కాపలా కాస్తూ, అది తెగగానే కణాన్ని హెచ్చరిస్తుంది. మరి ఏ బాక్టీరియా లేకుండానే ఆర్‌ఐఎన్4 జన్యువును తీసేస్తే? కావలి ఊరికే కేకలు పెట్టి మొక్కను చంపేస్తుంది. అలాగే, ఎస్‌ఎన్‌సి1 అనే గ్రాహకం ఎప్పుడూ మేలుకొని ఉండే మొక్కలు తెగులును తట్టుకుంటాయి గాని గిడసబారిపోతాయి. రక్షణకు పెట్టిన ఖర్చు పెరుగుదల నుంచే రావాలి.

ఎస్‌ఎన్‌సి1 మొక్కలను 28 డిగ్రీల సెల్సియస్ వద్ద పెంచితే గిడసబారడం తగ్గి మామూలుగా పెరుగుతాయి. పొగాకులో మొజాయిక్ వైరస్‌ను ఆపే ‘ఎన్’ జన్యువు కూడా 28 డిగ్రీలు దాటితే పట్టు కోల్పోతుంది. వేడిలో సాలిసిలిక్ ఆమ్లం తయారీ ఎందుకు తగ్గుతుందో, ఏ జన్యువు దగ్గర ఆగుతుందో 2022లో అరబిడాప్సిస్‌లో కనుగొన్నారు. చల్లని దేశాల మొక్కలో తేలినది మన వరికీ అంతే వర్తిస్తుందని తొందరపడి అనలేం. కాని వాతావరణం వేడెక్కుతున్న రోజుల్లో, ఉష్ణోగ్రత అనే మాటే లేని బొమ్మతో మొక్కల వైద్యం నేర్పడం సరికాదు.

మన మాటల్లోని దోషం

విమర్శ ఇతరుల మీదే ఆగిపోతే అది సగం విమర్శే. తెలుగులో మేము వాడుతున్న ‘రోగనిరోధక శక్తి’ అనే మాటను ఈ వ్యాసం రాస్తూ పదేపదే కొట్టివేశాను. ఎన్నో అనువాదాల్లో నేనే ఆ మాటను వాడాను. ‘శక్తి’ అనగానే ఒక నిల్వ గుర్తుకొస్తుంది. తక్కువుంటే పెంచుకోవాలి, ఎంత ఎక్కువుంటే అంత మంచిది అనిపిస్తుంది. పైన చెప్పినవన్నీ చూస్తే మొక్కలో ఉన్నది నిల్వ కాదు, నిర్ణయం. ఎప్పుడు, ఎక్కడ, ఎంతసేపు అన్న నిర్ణయం. అందుకే ఇక్కడ ‘రోగనిరోధకత’ అనే రాశాను. పంటకు ‘శక్తి పెంచే’ మందని ఎవరైనా సీసా చూపితే, ఏ పంటకు, ఏ తెగులుకు, ఏ దశలో, పంట దిగుబడి మీద ప్రభావమెంత అని అడగడం రైతుబిడ్డలైన విద్యార్థులు నేర్చుకోవాలి.

‘యుద్ధం’ అనే పోలిక విషయంలోనూ జాగ్రత్త పడాలి. దొంగ, కావలి అంటూ ఈ వ్యాసంలో నేనూ పోలికలు వాడాను. పోలిక లేకుండా పాఠం నడవదు. అయితే చిక్కుడు జాతి వేళ్లలో నత్రజని స్థాపించే రైజోబియం కూడా బాక్టీరియానే. దాన్ని ఆపకుండా ఆహ్వానించడం కూడా మొక్క చేసే నిర్ణయమే. సూక్ష్మజీవి అంటేనే శత్రువనే పోలికకు ఇది అందదు.

మరి బొమ్మను ఏం చేద్దాం?

చింపివేయనక్కరలేదు. గీయండి. గీశాక మూడు ప్రశ్నలు దాని పక్కన రాయండి. ఈ గీతలో ఏ భాగం ఆకులో జరుగుతుంది, ఏ భాగం తరతరాలుగా జరుగుతుంది? ఈ రోగకారకం బతికిన కణాన్ని తింటుందా, చచ్చిన కణాన్నా? మొక్క తన స్పందనను ఎలా ఆపుకుంటుంది? ఈ మూడింటికీ జవాబు రాయగలిగిన విద్యార్థికి బొమ్మ ఉపయోగపడుతుంది, లేని విద్యార్థిని అది తప్పుదారి పట్టిస్తుంది.

ఈసారి వరిపొలం గట్టున నడిచేటప్పుడు ఆకు అంచు వెంట పసుపుగా ఎండిన చార కనిపిస్తే ఆగి చూడండి. దాని పక్కనే పచ్చగా నిలిచిన మొక్క ఉంటే, అది గెలిచిన సైనికుడని వెంటనే అనుకోవద్దు. శత్రువుకు కావలసిన మీట దానిలో మారి ఉండవచ్చు, అంతే. ఏది నిజమో ఆ పచ్చదనం చూసి చెప్పలేం, పరీక్షించాలి.